దగ్గు మానిన డట్సన్

అవ్వాద్ తాత నడిపే పాత డట్సన్ పికప్పు దగ్గితే జఫర్ ఊళ్ళో గోడల సున్నం రాలిపడేదని, మఆన్ పోలీసులు ఉరుములనుకుని గొడుగులు కొనుక్కున్నారని చెప్పుకునేవాళ్ళు. గొడుగుల సంగతి మాత్రం అబద్ధం. ఆ ఎడారిలో గొడుగు అమ్మేవాడెవడు? మిగతాదంతా నిజం. నమ్మనివాడు జఫర్ వెళ్ళి చూసుకోవచ్చు. గోడ అక్కడే ఉంది, సున్నం లేదు.

ఆ దగ్గుకీ, అవ్వాద్ మనవడు సత్తాంకీ ఒకటే వయసు. కోడలికి నొప్పులు మొదలైన రోజున అవ్వాద్ ఆమెను ఆ పికప్పులో పడుకోబెట్టుకుని మఆన్ ఆసుపత్రికి అడ్డదారిన తోలాడు. వాగు దాటేచోట నల్లరాయి ఒకటి బండి కడుపు కింద గీరి పొగగొట్టాన్ని నిలువునా చీల్చేసింది. సైలెన్సర్ ఊడి వెనక ఎక్కడో పడిపోయింది. బండి రొప్పుకుంటూ దగ్గుకుంటూ ఊరు చేరింది. పిల్లాడు దక్కాడు, తల్లి దక్కలేదు. పిల్లాడి తండ్రి నలభయ్యో రోజు తర్వాత అఖబా రేవులో పనికని వెళ్ళి, అక్కడే మళ్ళీ పెళ్ళి చేసుకుని, పండగలకి పలకరింపు పంపే మనిషిగా మిగిలాడు.

బిడ్డను ఒళ్ళో పెట్టుకుని అవ్వాద్ తిరిగొచ్చేసరికి, పట్టించుకునే దిక్కులేని ఒంటెలు దాహంతో ఎడారిలో చెల్లాచెదురుగా ఉన్నాయి. ఆ దగ్గు వినగానే మందంతా ఎదురొచ్చి, బండి వెంటే బావి దాకా నడిచింది. అప్పటినుంచి అదే వాటి పిలుపు. వసంతమంతా పచ్చిక తిని ఎక్కడెక్కడో తిరిగే ఒంటెల్ని, ఎండలు ముదరగానే బావికి మళ్ళించాలంటే తక్కినవాళ్ళు రోజుల తరబడి వెతుక్కునేవాళ్ళు. అవ్వాద్ మాత్రం నల్లగుట్ట మీద బండి ఆపి, ఇంజను రెండుసార్లు గట్టిగా రేపి, చుట్ట చుట్టుకుంటూ కూర్చునేవాడు. చుట్ట అయ్యేసరికి దిబ్సా ముందు నడుస్తూ మంద గుట్ట కింద ఉండేది. దిబ్సా అంటే మందకి పెద్దదైన ఆడ ఒంటె, ఖర్జూరపు పాకం రంగుది. కిటికీలో తలపెట్టి తాత చేతిలో ఖర్జూరాలు తినందే కదిలేది కాదు. ఒక ఏడాది సరిహద్దు అవతలి సౌదీ ఒంటెలు కూడా ఆ దగ్గు విని పాస్‌పోర్టు లేకుండా వచ్చేశాయని, అవ్వాద్ వాటికి నీళ్ళు పెట్టించి మర్యాదగా సాగనంపాడని అంటారు. పెద్దమనిషి కదా, చేసే ఉంటాడు.

ఇంకొకరికీ ఆ దగ్గే పిలుపు. గుట్ట అవతల అది వినపడగానే అవ్వాద్ భార్య తుర్ఫా కాఫీ గింజలు పెనం మీద వేసేది. బండి గుడారం ముందు ఆగేసరికి దంచి, ఏలకులేసి, పొంగు దింపేది. అవ్వాద్ మూడు చిన్న గిన్నెలు తాగి, మూడోదాని తర్వాతే ఇక చాలని గిన్నెని వేళ్ళ మధ్య అటూ ఇటూ ఊపేవాడు. మొదటి గిన్నెకే ఊపేవాణ్ణి చూస్తే ఆయనకి జాలి. "పాపం, ఎవరో పోయి ఉంటారు వీడికి," అనేవాడు.

బండి బాగుచేయించమని చెప్పినవాళ్ళు చెప్పీ చెప్పీ ముసలివాళ్ళయిపోయారు. "దానికి గొంతుంది, ఉండనీండి," అనేవాడు అవ్వాద్. అందరూ పిసినారితనం అనుకున్నారు. సత్తాం కూడా అలాగే అనుకున్నాడు.

సత్తాంకి చదువు అబ్బలేదు. పంతులు చెవి మెలిపెడితే వీడు పంతులు సైకిలు విప్పి ముక్కలు వరసగా పేర్చి ఇంటికొచ్చేశాడు. మఆన్‌లో జద్ఆన్ గ్యారేజీలో చేరి, కొన్నేళ్ళలోనే ఇంజను మూత మీద చెయ్యి పెట్టి బండి జాతకం చెప్పే స్థాయికొచ్చాడు. ఎంత బాగా చెప్పేవాడంటే, ఒకాయన బండి చూపించడానికి వచ్చి, కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందని కూడా అడిగి వెళ్ళాడట. ఊళ్ళోనే గది తీసుకుని, తాత దగ్గరికి నెలకోసారి వెళ్ళేవాడు. ఒంటెల మధ్య పుట్టినవాడు నూనె మరకల మధ్య పెద్దవాడయ్యాడు. తెలియాల్సినవి కొన్ని అక్కడా ఇక్కడా కాకుండా మధ్యలో జారిపోయాయి.

ఆ చలికాలం చివర డట్సన్ ఇంజను పగిలి గుడారం ముందు నిలబడిపోయింది. దాని వెనకే అవ్వాద్ మంచం పట్టాడు. పోయే ముందు కాఫీకి కూర్చున్న పదిమంది ముందు ఒక్కమాట చెప్పాడు. "డట్సన్ సత్తాంది. ఒంటెలు దాని వెంట వస్తాయి."

పరామర్శల చివరిరోజున ఆ మాటకి అర్థం తేల్చాల్సి వచ్చింది. అవ్వాద్ చిన్నకొడుకు ముఫ్లిహ్ ఊళ్ళో పశువుల దాణా వ్యాపారి. చెడ్డవాడు కాదు. ఒంటెలంటే తినే నోళ్ళు అనుకునే రకం. మేపే మనిషి లేనప్పుడు మాంసం వ్యాపారికి అమ్మి పంచుకుందామన్నాడు. సత్తాం కుదరదన్నాడు. తాత ఒంటెల్ని కత్తి కిందికి పంపనన్నాడు.

"ఒంటెలు దాని వెంట వస్తాయన్నాడు గాని, వాడివి అనలేదు," అన్నాడు ముఫ్లిహ్.

తెగ పెద్ద అబూ జర్వాన్ గడ్డం గోక్కుని తీర్పు చెప్పాడు. "ఆయన అన్న రెండు మాటలూ ఒకటే చేద్దాం. కృత్తికలు తెల్లవారుజామున మళ్ళీ పొడిచేలోగా, వీడు ఆ బండితో పిలిచి మందని బావి దాకా తెస్తే వీడివి. తాళ్ళు కట్టకూడదు, వేరే బండ్లు తోలకూడదు. రాకపోతే నీ ఇష్టం."

కృత్తికలు కనుమరుగై, మళ్ళీ పొడిచే దాకా ఉండే ఆ నెల పైచిలుకు కాలంలోనే ఒంటెల వాళ్ళంతా పచ్చిక వదిలి బావులు చేరతారు. గడువు న్యాయమైనదే. సత్తాం నవ్వుకున్నాడు కూడా. ఒంటెలు వచ్చేది ఆ బండి కోసమే కదా, బండిని లేపితే చాలు.

లారీ మీద డట్సన్ని ఎక్కిస్తుంటే తుర్ఫా దాని రేకు మీద చెయ్యి వేసింది. "ఊపిరి పోస్తే చాలు అయ్యా. సింగారాలు వద్దు," అంది.

ఆ మాట విని ఊరుకుంటే ఈ కథ లేదు. కానీ సత్తాం చేతిలో పనితనం ఉంది, గుండెలో తాత ఉన్నాడు, ఆ రెండూ కలిస్తే మనిషి ఆగడు. మంచి ఇంజను తెచ్చి దించాడు. అక్కడితో ఆగొచ్చు. చీలిన పొగగొట్టం ఊడబీకి చెత్త ఇనుములోకి తన్నాడు, కొత్తది వేసి సైలెన్సర్ బిగించాడు. ఏళ్ళ తరబడి టపటపమన్న వెనక తలుపుకి రబ్బరు వేశాడు. చిరిగి, చుట్ట పొగ పట్టి, ఖర్జూరపు జిగురుతో అట్టకట్టిన సీటు పీకి పారేసి, కొత్త తోలు కుట్టించాడు. ఒంటెలు గుర్తుపట్టాలి కాబట్టి రంగు విషయంలో మాత్రం చాలా జాగ్రత్తపడ్డాడు. సీటు కింద ఎండ తగలని చోట అసలు రంగు ఉంటే, అచ్చం అదే కలిపించి వేశాడు. ఆ రంగు ఎండకి వెలిసిపోయి ఎన్నాళ్ళయిందో, దాన్ని ఏ ఒంటె ఎప్పుడు చూసిందో అతనికి తట్టలేదు.

"పెళ్ళికొడుకెవరురా? నువ్వా, డట్సనా?" అని జద్ఆన్ ఏడిపించాడు.

"ముందు దాని పెళ్ళి మేస్త్రీ. తర్వాత నాది."

"నీకు పిల్లనిచ్చేవాడు దొరకడం కష్టం గాని, దానికైతే సంబంధాలొస్తాయి."

నిజంగానే వచ్చాయి. డట్సన్ గ్యారేజీ లోంచి బయటికొచ్చిన రోజు వీధిలో కాఫీ తాగేవాళ్ళు గిన్నెలు దించి లేచి నిలబడ్డారట. ఇద్దరు బేరమాడారు. ఒకాయన ఇంజను ఆగిపోయిందనుకుని తొయ్యడానికి వచ్చాడు. అంత నిశ్శబ్దం. చెత్త ఇనుము లారీ అదేరోజు వచ్చి పాత పొగగొట్టాన్ని తుక్కుతోపాటు కొలిమికి పట్టుకుపోయింది. సత్తాం దానికేసి చూడను కూడా లేదు.

సత్తాం నల్లగుట్ట దిగి గుడారం ముందు ఆగితే, కుక్క పరాయివాడి మీద మొరిగినట్టు మొరిగింది. తుర్ఫా ముసుగు ముఖం మీదికి లాక్కుని బయటికొచ్చింది, ఎవరో కొత్తవాళ్ళనుకుని. పొయ్యి మీద పెనం లేదు. సత్తాం దాన్ని గమనించి నవ్వాడు కూడా. "చూశావా నానమ్మా, వచ్చేదాకా నీకే తెలీలేదు," అన్నాడు గర్వంగా.

తుర్ఫా బండి చుట్టూ ఒకసారి తిరిగింది. తలుపు తీసి సీటు తడిమింది. వంగి వాసన చూసింది.

"బాగుంది అయ్యా. చాలా బాగుంది," అంది. తలుపు మూసి అడిగింది, "ఎవరిదిరా ఇది?"

మర్నాడు సత్తాం బండి తీసుకుని మంద కోసం బయల్దేరాడు. పచ్చిక అప్పటికే పసుపు తిరిగింది. నల్లగుట్ట మీద ఆపి, తాత కూర్చున్నట్టే కూర్చుని, ఇంజను రెండుసార్లు రేపాడు. కడుపు నిండిన పిల్లి గురకపెట్టినట్టు చప్పుడొచ్చింది. హారన్ కొట్టాడు. కొత్త హారన్, పట్నపు పెళ్ళిళ్ళలో మోగేలాంటిది. ఎడారి వినలేదు. మధ్యాహ్నం దాటాక తనే వెతుక్కుంటూ వెళ్ళాడు. దూరంగా మంద కనపడింది. ప్రాణం లేచొచ్చింది.

దిబ్సా తలెత్తింది. చెవులు నిక్కబొడుచుకుంది. మెరుస్తున్న ఆ బండిని చూసింది, మెత్తగా వస్తున్న దాని చప్పుడు వింది. ఒక్కసారిగా వెనక్కి తిరిగి తూర్పు వైపు పరుగు అందుకుంది. మందంతా దాని వెనక. సత్తాం ఇంకో తప్పు చేశాడు. వెంటబడ్డాడు. కిటికీలోంచి తల బయటపెట్టి పేరుపేరునా పిలుస్తూ, బండి వేగం పెంచుతూ, పొద్దు వాలేదాకా తరిమాడు. పిల్ల ఒంటె ఒకటి వెనకబడి మోకాళ్ళ మీద కూలిపోతే అప్పుడు ఆగాడు. తల్లి తిరిగొచ్చి పిల్లకీ బండికీ మధ్య అడ్డంగా నిలబడి నురగ కక్కుతూ చూసింది. ఆ చూపు చూశాక ఇంజను ఆపేసి, చేతులు స్టీరింగ్ మీద పెట్టుకుని కూర్చుండిపోయాడు.

తుర్ఫా సంగతంతా విని పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. తర్వాత మెల్లగా చెప్పింది. సత్తాం మఆన్‌లో ఉన్న రోజుల్లో ఒకసారి దొంగలొచ్చి ఒంటెల్ని ఎత్తుకుపోయారు. కొత్త పికప్పుల్లో, చప్పుడు లేకుండా. ఆ తర్వాత అవ్వాద్ ఊళ్ళోంచి ఎవరిదో కొత్త బండి అరువు తెచ్చి, దాన్ని మంద మధ్యకి తోలించి, కర్రలతో డబ్బాలు కొట్టించి ఒంటెల్ని హడలగొట్టాడు. ఒక్కసారి కాదు, చాలాసార్లు. మెత్తగా వచ్చే బండి ఏదైనా దొంగదేనని వాటికి ఎక్కేదాకా.

"నాకెందుకు చెప్పలేదు నానమ్మా?"

"ఊపిరి పోస్తే చాలన్నాను. ఇంకెలా చెప్పాలిరా?"

ఆ రాత్రి సత్తాం నిద్రపోలేదు. తెల్లారగానే మఆన్ పోయి చెత్త ఇనుము లారీ సంగతి అడిగాడు. పొగగొట్టం ఈపాటికి ఇంటి కప్పులో ఊచ అయి ఉంటుందన్నాడు జద్ఆన్. ఈసారి ఏడిపించలేదు. చుట్ట వెలిగించి ఇచ్చాడు.

మంచి పనివాడు తన పనిని తనే పాడుచేసుకుంటుంటే చూడడం కష్టం. సత్తాం ఉలి పెట్టి కొత్త పొగగొట్టాన్ని చీల్చాడు. సైలెన్సర్ ఊడదీసి పారేశాడు. వెనక తలుపు రబ్బరు పీకాడు, గట్టిగా బిగించిన బోల్టులన్నీ ఒక్కొక్కటే వదులు చేశాడు. గుడారం వెనక ఇంజను రేపడం, తుర్ఫా లోపల్నుంచి తీర్పు చెప్పడం. పాఠం ఒప్పజెప్పించుకునే పంతులు కూడా అంత నిక్కచ్చిగా ఉండడు.

"అది పడిశం. మీ తాతది దగ్గు."

మళ్ళీ చీల్చేవాడు.

"ఇది చుట్ట తాగనివాడి దగ్గు. ఇంకా లోతు నుంచి రావాలి."

మళ్ళీ. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఎండ రాళ్ళు పగలగొడుతోంది. పచ్చిక కాస్తా ధూళైపోయింది. మందని చూసివచ్చిన బాటసారులు మూపురాలు దిగిపోయాయని, పిల్ల ఒంటె ఒకటి చచ్చిపడి ఉందని చెప్పారు. ఏ పిల్లో సత్తాం అడగలేదు.

ఒక సాయంత్రం ఇంజను రేపితే గుడారం లోంచి ఏ మాటా రాలేదు. సత్తాం లోపలికి తొంగిచూశాడు. తుర్ఫా ముఖం అటు తిప్పుకుని కూర్చుంది. చేతిలో కాఫీ గింజలున్నాయి, గుప్పిట బిగిసి ఉంది. అతనికి అర్థమైంది, దగ్గు దొరికింది.

గడువు చివరిరోజున ముఫ్లిహ్, అబూ జర్వాన్ నల్లగుట్ట మీదికి వచ్చి కూర్చున్నారు. సత్తాం తాత అంగీ తొడుక్కుని, గుప్పెట్లో ఖర్జూరాలు పట్టుకుని, ఇంజను రెండుసార్లు రేపాడు. దగ్గు గుట్టల మధ్య దొర్లుకుంటూ పోయింది. ముఫ్లిహ్ ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడని, కళ్ళు తుడుచుకున్నాడని అబూ జర్వాన్ తర్వాత చెప్పాడు. ధూళి పడిందని ముఫ్లిహ్ అంటాడు.

చుట్ట కాలేంత సేపు ఏమీ లేదు. తర్వాత తూర్పున దుమ్ము లేచింది. వస్తున్నాయి. పక్కటెముకలు తేలి, పెదాలు ఎండి, దగ్గు వైపు తలలు చాచి వస్తున్నాయి. గుట్ట కింద రాళ్ళ కుప్ప దగ్గర మంద ఆగిపోయింది. దిబ్సా ఒక్కతే ముందుకొచ్చింది. నెమ్మదిగా, ఒక్కో అడుగూ ఆలోచించుకున్నట్టు. కిటికీలో తలపెట్టింది.

సత్తాం అరచెయ్యి చాపాడు. దిబ్సా ఖర్జూరాల్ని ముట్టలేదు. స్టీరింగ్ వాసన చూసింది. సీటు వాసన చూసింది, మళ్ళీ చూసింది, అక్కడ ఏదో ఉండాలన్నట్టు ముక్కు దాని మీద ఆనించి చాలాసేపు ఉంచింది. కొత్త తోలు, కొత్త రంగు. సత్తాం అంగీ చేతిని పెదాలతో తడిమింది. తుర్ఫా ఆ అంగీని సబ్బుతో శుభ్రంగా ఉతికిపెట్టింది. దిబ్సా తల బయటికి తీసుకుంది. గొంతులో ఒక చప్పుడు చేసింది, పిల్ల పోయిన తల్లి చేసేలాంటిది. వెనక్కి తిరిగింది. మంద దాని కోసం దారిచ్చి, దాని వెనకే నడిచిపోయింది.

సత్తాం బండిని కదపలేదు, పిలవలేదు. ఖర్జూరాలు చేతికి అంటుకుపోయాయి.

"దగ్గరదాకా వచ్చాయిరా," అన్నాడు ముఫ్లిహ్ గుట్ట దిగి వచ్చి. ఆ గొంతులో గెలుపు లేదు.

"బావి దాకా అనుకున్నాం చిన్నాన్నా," అన్నాడు సత్తాం.

మర్నాడు తెల్లవారుజామున తూర్పున కృత్తికలు పొడిచాయి. వాటి వెనకే ముఫ్లిహ్ మాట్లాడుకున్న లారీలు, తాళ్ళు, కిరాయి మనుషులు వచ్చారు. దాహంతో ఉన్న ఒంటెలు ఎక్కువ దూరం పరుగెత్తలేవు. అయినా ఒకటి కాలు విరగ్గొట్టుకుంది. ఇంకోటి కిరాయివాణ్ణి కొరికింది. అప్పుడు ముఫ్లిహ్ సత్తాం దగ్గరికి వచ్చి, నువ్వు లేకపోతే ఇంకా విరుగుతాయిరా అన్నాడు. సత్తాం వెళ్ళాడు. ఒక్కోదాన్ని పేరు పెట్టి పిలుస్తూ, మెడ నిమురుతూ, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, కాళ్ళకు తనే తాళ్ళు చుట్టాడు. నొప్పెట్టకుండా కట్టడం తాతే నేర్పాడు.

దిబ్సాని వ్యాపారి నోరు తెరిపించి చూసి వదిలేశాడు. పళ్ళరిగిన ముసలిది, ఎక్కించిన కూలి కూడా రాదన్నాడు. లారీలు పోయాక అది నల్లగుట్ట కింద రాళ్ళ కుప్ప దగ్గర ఒక్కతే నిలబడి ఉంది.

దాన్ని దాహంతో వదిలేయడానికి సత్తాంకి మనసొప్పలేదు. సాయంత్రం గుట్ట మీదికి పోయి డట్సన్ని దగ్గించాడు. దిబ్సా వచ్చింది. కిటికీలో తలపెట్టింది, సీటు వాసన చూసింది, తల తీసుకుంది. ఈసారి దూరం పోలేదు. వెంట తీసుకుపోవడానికి దానికి ఎవరూ లేరు. బండి కదిలితే రాయి విసిరేంత దూరంలో వెనకే నడుస్తూ బావి దాకా వచ్చి నీళ్ళు తాగింది. తాగి, మళ్ళీ గుట్ట కిందికి వెళ్ళిపోయింది. మర్నాడూ అంతే. ఆ తర్వాతా అంతే. ఆ బండి దగ్గందే అది నీళ్ళకి రాదు.

మొదటి సాయంత్రం సత్తాం ఇంటికి వచ్చేసరికి గుడారం ముందు ఏలకుల వాసన. పొయ్యి మీద కాఫీ పొంగి దిగింది. తుర్ఫా చేతిలో గిన్నె ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"నానమ్మా, రేపట్నుంచి బండి గుట్ట అవతలే ఆపి నడిచొస్తాను," అన్నాడు సత్తాం.

"ఎందుకయ్యా?"

అతను తాత కూర్చునే చోటుకేసి చూశాడు.

"నాకు తెలుసురా, ఎవరు పోయారో," అంది తుర్ఫా. "చేతులకే తెలీదు. దగ్గు వినగానే పెనం పెట్టేశాయి." గిన్నె నింపి ముందుకు జరిపింది. "దాన్ని ఇంటిదాకా దగ్గనీ. కాచింది ఎవరో ఒకరు తాగాలిగా. తాగు, చల్లారిపోతుంది."

సత్తాం కూర్చున్నాడు. అవ్వాద్ కూర్చునే చోట కాదు, దాని పక్కన. కాఫీ చేదుగా, చిక్కగా ఉంది. మెల్లగా తాగాడు. తుర్ఫా రెండో గిన్నె పొయ్యడానికి కాఫీ కూజా, దల్లా, ఎత్తింది. అతను ఖాళీ గిన్నెని వేళ్ళ మధ్య పట్టుకుని అటూ ఇటూ ఊపాడు.

తుర్ఫా ఆ ఊపు చూసింది. దల్లా దించి పొయ్యి పక్కన పెట్టింది.